చందమామ గురించి అందరూ అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

చిన్న టెలిస్కోప్ ఒకటి కొన్నప్పట్నుంచీ తెలిసినవాళ్ళెవరు కలిసినా చంద్రుడి గురించి ఏదో ఒకటి అడుగుతున్నారు. అదే జవాబు పదోసారి చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట పెడుతున్నా. వరసా పాడూ ఏం లేదు, గుర్తొచ్చినట్టు రాశాను, కొన్నిటికి రెండు ముక్కల్లో చెప్పేశా, కొన్ని చోట్ల మాత్రం నోరు ఆగలేదు. వీటిలో చాలావాటికి టెలిస్కోప్ కూడా అక్కర్లేదు, మేడ మీదకెళ్ళి తలెత్తితే మీకే తెలిసిపోతాయి.

చంద్రుడు మనకి ఎంత దూరం?

సగటున 3,84,400 కిలోమీటర్లు. సగటున అని ఎందుకన్నానంటే చంద్రుడు తిరిగే దారి సరిగ్గా గుండ్రంగా ఉండదు, దగ్గరికొచ్చినప్పుడు 3,63,000 దగ్గర్లో ఉంటాడు, దూరం పోయినప్పుడు 4,05,000 దాకా వెళ్తాడు. వెలుతురుకి ఆ దూరం 1.3 సెకన్లు, చంద్రుడి మీదకి వెళ్ళిన అమెరికా అపోలో వ్యోమగాములకి మూడు రోజుల పైన పట్టింది.

అంకెలు చెప్తే ఎవరికీ ఎక్కదు గానీ ఇలా చూడండి. భూమిని బాస్కెట్‌బాల్ అనుకుంటే చంద్రుడు టెన్నిస్ బాల్. ఇప్పుడు ఆ రెండూ చేతికిచ్చి ఎంత దూరంలో పెట్టాలో పెట్టమంటే దాదాపు అందరూ ఒక అడుగో రెండడుగులో దూరం పెడతారు, పుస్తకాల్లో బొమ్మలు అలాగే ఉంటాయి కదా. అసలు పెట్టాల్సింది ఏడు మీటర్ల పైన, అంటే గది దాటి పోవాలి. మధ్యలో ముప్పై భూములు వరసగా పేర్చొచ్చు.

ఉదయించేటప్పుడు అంత పెద్దగా ఉంటాడేంటి? దగ్గరికొస్తాడా?

రాడు. ఇంకా చెప్పాలంటే నడినెత్తి మీద ఉన్నప్పటి కన్నా అప్పుడే మనకి కాస్త దూరంగా ఉంటాడు, ఎందుకంటే భూమి వ్యాసార్ధం అంత దూరం అదనంగా కలుస్తుంది. ఇదంతా మన బుర్ర చేసే మాయ. కెమెరాకి ఈ మాయ తెలీదు, అందుకే కళ్ళకి పళ్ళెమంత కనిపించిన చంద్రుడు ఫొటోలో చుక్కంత పడతాడు.

నమ్మకపోతే చెయ్యి పూర్తిగా చాపి చిటికెన వేలి గోరు అడ్డం పెట్టండి, చంద్రుడు మొత్తం దాని వెనక దాక్కుంటాడు. మూడు నాలుగు గంటలాగి పైకొచ్చాక మళ్ళీ పెట్టండి, అదే గోరు సరిపోతుంది. బుర్ర ఎందుకిలా మోసపోతుందో సైంటిస్టులు ఇప్పటికీ ఒక మాట మీదకి రాలేదు. రంగు సంగతి మాత్రం నిజమే, కింద ఉన్నప్పుడు వెలుతురు ఎక్కువ గాలిలోంచి రావాలి, నీలం దారిలోనే చెదిరిపోతుంది, పసుపూ నారింజా మిగులుతాయి.

ఎప్పుడూ ఒకే వైపు ఎందుకు కనిపిస్తుంది? తన చుట్టూ తాను తిరగడా?

తిరుగుతాడు. మన చుట్టూ ఒకసారి తిరిగేలోపు తన చుట్టూ కూడా సరిగ్గా ఒకసారి తిరుగుతాడు, అదే కిటుకు. ఒక కుర్చీ మధ్యలో పెట్టి దాని వైపే మొహం పెట్టుకుని చుట్టూ ఒక రౌండ్ నడవండి, ఆ రౌండ్‌లో గదిలోని నాలుగు గోడల్నీ చూసేస్తారు, అంటే మీ చుట్టూ మీరు ఒకసారి తిరిగినట్టే, కానీ కుర్చీకి మీ వీపు కనిపించదు. ఇది యాదృచ్ఛికం కాదు, ఒకప్పుడు చంద్రుడు వేగంగానే తిరిగేవాడు, భూమి గురుత్వాకర్షణ అటూఇటూ సాగదీసి లాగీ లాగీ ఆ వేగాన్ని ఇక్కడికి తెచ్చింది.

సరిగ్గా సగమే కనిపిస్తుందనుకోకండి. దారి గుండ్రంగా లేకపోవడం, వంపు ఉండటం వల్ల మెల్లగా తల ఊపుతున్నట్టు ఊగుతాడు, అందుకని ఓపిగ్గా నెలల తరబడి చూస్తే మొత్తం 59 శాతం దాకా కనిపిస్తుంది.

అయితే అవతలి వైపు ఎప్పుడూ చీకటేనా?

కాదండీ బాబూ. అక్కడా మనకి కనిపించే వైపు పడినంత ఎండే పడుతుంది. అమావాస్య రోజున ఎండంతా అటువైపే. "చీకటి వైపు" అనే మాట ఎవరు పెట్టారో గానీ తలనొప్పి అయిపోయింది.

ఆ వైపు మొదటిసారి ఫొటో తీసింది 1959 అక్టోబర్‌లో సోవియట్ వాళ్ళ లూనా 3 అనే నౌక. ఫొటోలు మసగ్గానే వచ్చాయి కానీ చూసినవాళ్ళు ఆశ్చర్యపోయారు, ఎందుకంటే మనవైపు ఉన్నన్ని నల్ల మచ్చలు అక్కడ లేవు. అక్కడ దిగడం ఇంకా కష్టం, భూమితో నేరుగా రేడియోలో మాట్లాడటం కుదరదు, చంద్రుడే అడ్డం. చైనా వాళ్ళు ముందు ఒక రిలే శాటిలైట్ పంపి తర్వాత 2019 జనవరిలో చాంగ్ఎ 4 అనే నౌకని దించారు. 2024లో చాంగ్ఎ 6 అక్కడి మట్టీ రాళ్ళూ దాదాపు రెండు కేజీలు తెచ్చింది, అటువైపు నుంచి రావడం అదే మొదలు.

ఆ మచ్చలేంటి?

గడ్డకట్టిన లావా. వందల కోట్ల ఏళ్ళ కిందట పెద్ద పెద్ద రాళ్ళు గుద్దుకుని గోతులు పడ్డాయి, తర్వాత లోపల్నుంచి లావా పొంగి వాటిని నింపేసింది. అది బసాల్ట్, నల్లరాయి. పాతకాలం వాళ్ళు సముద్రాలేమో అనుకుని లాటిన్‌లో సముద్రం అనే పేరే పెట్టారు, ఆ పేర్లే ఉండిపోయాయి. అందుకే అపోలో 11 దిగింది చుక్క నీళ్ళు లేని ప్రశాంత సముద్రంలో. మనవైపు 31 శాతం ఈ లావా మైదానాలే, అటువైపు 2 శాతం దగ్గర్లో ఉంటాయేమో అంతే. అటువైపు పైపొర మందంగా ఉండటం వల్ల లావా బయటికి రాలేకపోయింది అంటారు, మరి ఆ మందం తేడా ఎందుకొచ్చింది అంటే దాని మీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి.

కుందేలు కనిపిస్తుందా లేదా అనేది మీరు ఎక్కడ నిలబడి చూస్తున్నారు, ఎంత రాత్రికి చూస్తున్నారు అన్నదాన్ని బట్టి. దక్షిణార్ధగోళంలో చంద్రుడు మనకి కనిపించేదానికి తలకిందులుగా ఉంటాడు, కుందేలు కూడా తలకిందులే పాపం.

వెన్నెల అంత తెల్లగా ఉంటుంది, నేల కూడా తెల్లగా ఉంటుందా?

ఉండదు, ఇది విన్నప్పుడు నేనూ నమ్మలేదు. చంద్రుడి నేల మీద పడిన వెలుతురులో సుమారు 12 శాతమే వెనక్కొస్తుంది, అంటే పాతబడిన తారురోడ్డు లాంటి రంగు. చుట్టూ ఆకాశం కటిక నలుపు కాబట్టి ఆ బూడిదరంగే మనకి పాలలా కనిపిస్తుంది. పౌర్ణమి చంద్రుడి కన్నా సూర్యుడు దాదాపు 4 లక్షల రెట్లు ప్రకాశవంతం.

ఇంకో తమాషా. అర్ధచంద్రుడి వెలుతురు పౌర్ణమి వెలుతురులో సగం ఉండాలి కదా, ఉండదు, సుమారు పదోవంతే. సగం రోజున ఎండ పక్క నుంచి పడుతుంది కాబట్టి ప్రతి గోతికీ రాయికీ నీడ ఉంటుంది. పౌర్ణమికి ఎండ మన వెనక నుంచి పడినట్టు ఉంటుంది కాబట్టి నీడలన్నీ వాటి వాటి రాళ్ళ వెనకే దాక్కుంటాయి.

అమావాస్య అంటే చంద్రుడి మీద భూమి నీడ పడటమేనా?

నన్ను అన్నిటికన్నా ఎక్కువమంది అడిగింది ఇదే, బాగా చదువుకున్నవాళ్ళు కూడా. కాదు. భూమి నీడ పడితే దాన్ని చంద్రగ్రహణం అంటాం, అది పౌర్ణమికే వస్తుంది. చంద్రుడిలో ఎప్పుడూ సగానికి ఎండ పడుతూనే ఉంటుంది, ఆ వెలుగు సగంలో మనకి ఎంత కనిపిస్తుందో దాన్నిబట్టి నెలవంకా, సగమూ, నిండు చంద్రుడూ. అమావాస్యకి చంద్రుడు సూర్యుడి వైపు ఉంటాడు, వెలుగు పడ్డ సగం అవతలికి ఉంటుంది, అంతే.

మరి ప్రతి పౌర్ణమికీ గ్రహణం ఎందుకు రాదు అంటే చంద్రుడు తిరిగే దారి 5 డిగ్రీలు వాలి ఉంటుంది, చాలా నెలల్లో భూమి నీడకి పైనుంచో కిందనుంచో జారిపోతాడు. సంపూర్ణ గ్రహణంలో ఎర్రబడతాడు ఎందుకంటే భూమి చుట్టూ ఉన్న గాలి కొంత వెలుతురుని వంచి నీడలోకి పంపుతుంది, నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. అంటే ఆ టైములో భూమి మీద జరుగుతున్న సూర్యోదయాలూ సూర్యాస్తమయాలూ అన్నీ కలిపి చంద్రుడి మీద పడుతున్నట్టు.

నెలవంక రోజున మిగతా చంద్రుడు కూడా మసగ్గా కనిపిస్తాడే, అది?

అది భూమి వెలుగు! మన మీద పడిన ఎండ తిరిగి చంద్రుడి మీద పడి మళ్ళీ మన కంటికొస్తోంది. ఈ కారణం 500 ఏళ్ళ కిందటే లియొనార్డో డావిన్సీ పట్టేశాడు. అమావాస్య అయిన మూడో రోజు సాయంత్రం పడమర వైపు చూడండి, నాకైతే పౌర్ణమి కన్నా అదే ఇష్టం.

చుట్టి రావడానికి 27 రోజులా 29 రోజులా?

రెండూ. నక్షత్రాల లెక్కన 27.3 రోజులు. కానీ ఆ లోపు భూమి కూడా సూర్యుడి చుట్టూ ముందుకెళ్ళిపోతుంది కదా, మళ్ళీ పౌర్ణమి రావాలంటే ఇంకో రెండు రోజులు అదనంగా తిరగాలి, అలా 29.5.

పట్టపగలు చంద్రుడు కనిపించాడు, ఏమన్నా తేడానా?

ఏ తేడా లేదు, ఎప్పుడూ కనిపిస్తాడు, మనం చూడం. రోజూ సుమారు 50 నిమిషాలు లేటుగా ఉదయిస్తాడు కాబట్టి నెలలో చాలా రోజులు పగలే ఆకాశంలో ఉంటాడు. పౌర్ణమి అయిన వారానికి పొద్దున్నే చూస్తే పడమర వైపు తెల్లగా దూదిపింజలా ఉంటాడు.

అక్కడ ఎండ ఎలా ఉంటుంది?

పగలు భూమధ్యరేఖ దగ్గర 120 డిగ్రీల సెల్సియస్, రాత్రి మైనస్ 130. ఆపడానికి గాలి లేదు, దానికితోడు పగలే మన లెక్కలో రెండు వారాలు, రాత్రి ఇంకో రెండు వారాలు. చంద్రయాన్-3 ల్యాండర్‌కీ రోవర్‌కీ పని ఒక చంద్రుడి పగలు, అంటే 14 రోజులే అని ముందే ఎందుకు చెప్పారో ఇప్పుడు అర్థమైందిగా, సోలార్ ప్యానెళ్ళతో నడిచేవి ఆ రాత్రిని తట్టుకోవడం చాలా కష్టం.

చంద్రయాన్-3 అక్కడ నేలలోకి ఒక థర్మామీటర్ లాంటిది గుచ్చింది. ఇస్రో మొదట విడుదల చేసిన గ్రాఫ్‌లో నేల పైన 50 డిగ్రీల దగ్గర్లో ఉంటే 8 సెంటీమీటర్ల లోతులో మైనస్ 10. జానెడు కూడా లేదు, అంత తేడా! ఆ దుమ్ము దుప్పటిలా పనిచేస్తుంది, పై వేడిని లోపలికి పోనివ్వదు.

నీళ్ళున్నాయా లేవా, ఒక్క ముక్కలో చెప్పండి

ఉన్నాయి, కానీ బిందె తీసుకెళ్తే దొరికేవి కాదు. చంద్రయాన్-1 మీద పెట్టిన నాసా పరికరం నేలలో నీటి అణువుల జాడ పట్టిందని 2009లో ప్రకటించారు, అదే ఏడాది అక్టోబర్‌లో నాసా వాళ్ళు దక్షిణ ధ్రువం దగ్గర ఒక గోతిలోకి రాకెట్ ముక్కని కావాలనే గుద్దించి లేచిన దుమ్ములో నీటిని చూశారు. చంద్రుడి అక్షం వంపు ఒకటిన్నర డిగ్రీలే, అందుకని ధ్రువాల దగ్గర కొన్ని లోతు గోతుల్లోకి కొన్ని వందల కోట్ల ఏళ్ళుగా ఎండే పడలేదు. అక్కడ చలి మైనస్ 240 డిగ్రీల కిందకి పోతుంది, మంచు చేరితే ఇక కదలదు. అందరూ దక్షిణ ధ్రువం అని ఎగబడేది ఇందుకే, తాగడానికే కాదు, నీటిని విడగొడితే రాకెట్ ఇంధనం వస్తుంది.

అసలు మనుషులు వెళ్ళారా? స్టూడియోలో తీశారంట కదా?

వచ్చేసింది. సరే కూర్చోండి.

వెళ్ళారు. ఒకసారి కాదు ఆరుసార్లు దిగారు, 1969 జులై నుంచి 1972 డిసెంబర్ దాకా 12 మంది నడిచారు. జెండా ఊగింది అంటారు, జెండా పైన అడ్డంగా ఒక కడ్డీ ఉంది, లేకపోతే గాలి లేనిచోట వేలాడిపోతుందని వాళ్ళే పెట్టుకున్నారు. కర్ర నేలలోకి తిప్పి దింపుతుంటే గుడ్డ ఊగుతుంది, గాలి అడ్డు లేదు కాబట్టి ఇంకా ఎక్కువసేపు ఊగుతుంది. ఫొటోల్లో నక్షత్రాలు లేవంటారు, రాత్రిపూట వీధిలైటు కింద నిలబెట్టి మీ ఫ్రెండ్‌ని ఫొటో తీసి అందులో నక్షత్రాలు లెక్కపెట్టి చెప్పండి. ఎండలో మెరిసే నేలకీ తెల్ల సూటుకీ సెట్ చేసిన కెమెరాలో నక్షత్రాలు పడవు.

వాళ్ళు తెచ్చిన 382 కేజీల రాళ్ళూ మట్టీ ఎన్నో దేశాల ల్యాబుల్లో పరీక్షించారు. వాళ్ళు పెట్టొచ్చిన అద్దాల మీదకి ఇప్పటికీ లేజర్ కొట్టి దూరం కొలుస్తున్నారు. నాసా ఆర్బిటర్ తీసిన ఫొటోల్లో వాళ్ళు నడిచిన కాలిబాటలు గీతల్లా కనిపిస్తాయి, వాళ్ళ మాట నమ్మనంటే చంద్రయాన్-2 ఆర్బిటర్ కూడా అపోలో 11 దిగిన చోటు ఫొటో తీసింది. వీటన్నిటికన్నా నాకు నచ్చే జవాబు వేరే ఉంది. అప్పట్లో ఆ సిగ్నళ్ళన్నీ వింటూ, తప్పు దొరికితే ప్రపంచమంతా చాటింపు వెయ్యడానికి కాచుకుని ఉన్నది సోవియట్ యూనియన్. వాళ్ళే కిక్కురుమనలేదు.

అక్కడ బరువు తగ్గుతామా?

తూకంలో తగ్గుతారు, 60 కేజీలు చూపించే మిషను 10 చూపిస్తుంది, గురుత్వాకర్షణ ఆరోవంతే కాబట్టి. పొట్ట మాత్రం అలాగే ఉంటుంది. అపోలో 15లో డేవిడ్ స్కాట్ ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో ఈక పట్టుకుని ఒకేసారి వదిలేశాడు, గాలి లేదు కాబట్టి రెండూ కలిసే నేలకి తగిలాయి. ఆ వీడియో ఆన్‌లైన్‌లో ఉంది, ఒక్కసారి చూడండి. అంతకుముందు అపోలో 14లో అలన్ షెపర్డ్ గోల్ఫ్ బంతులు కొట్టొచ్చాడు.

చంద్రుడి మీద వాసన ఎలా ఉంటుంది?

బయట గాలే లేదు, ముక్కుతో పని లేదు. కానీ ల్యాండర్‌లోకి తిరిగొచ్చి హెల్మెట్ తీశాక సూట్లకి అంటుకున్న దుమ్ము కాల్చిన తుపాకీ మందు వాసనొచ్చిందని అపోలో వ్యోమగాములు చెప్పారు. అపోలో 17లో హారిసన్ ష్మిట్‌కి ఆ దుమ్ముతో ముక్కు మూసుకుపోయి జలుబు చేసినట్టయింది. గాలీ నీళ్ళూ లేక అక్కడి దుమ్ము రేణువులు అరిగిపోవు, గాజు పెంకుల్లా పదునుగా ఉంటాయి, సూట్లని కోసేస్తాయి. మళ్ళీ వెళ్ళేవాళ్ళకి పెద్ద తలనొప్పుల్లో ఇదొకటి.

చంద్రుడు దూరం అయిపోతున్నాడంట నిజమా?

నిజం. ఏడాదికి 3.8 సెంటీమీటర్లు, దాదాపు మన గోళ్ళు పెరిగే వేగం. పైన చెప్పిన ఆ అద్దాల లేజర్ లెక్కే ఇది. ఆటుపోట్ల వల్ల భూమి తిరిగే వేగం కొంచెం కొంచెం తగ్గుతుంది, ఆ పోయింది చంద్రుడికి చేరి పైదారికి నెడుతుంది. దాంతో మన రోజు కూడా పొడుగవుతోంది, వందేళ్ళకి సుమారు 2 మిల్లీసెకన్లు. ఏముంది అందులో అనుకుంటారు కానీ దాదాపు 40 కోట్ల ఏళ్ళ నాటి పగడాల శిలాజాల్లో రోజువారీ గీతలు లెక్కపెడితే ఏడాదికి 400 దాకా వచ్చాయి, అంటే అప్పట్లో రోజుకి 22 గంటలే.

సూర్యుడు చంద్రుడి కన్నా 400 రెట్లు పెద్ద, సుమారు 400 రెట్లు దూరం, అందుకే సంపూర్ణ సూర్యగ్రహణంలో అంత సరిగ్గా మూత పెట్టినట్టు కప్పేస్తాడు. ఇంకో 60 కోట్ల ఏళ్ళకి ఆ మూత చిన్నదైపోతుంది.

ఎలా పుట్టాడు?

ఎక్కువమంది ఒప్పుకునే కథ ఏంటంటే, 450 కోట్ల ఏళ్ళ కిందట అంగారకుడంత గ్రహం ఒకటి వచ్చి భూమిని గుద్దింది, ఎగిరిన ముక్కలు కలిసి చంద్రుడయ్యాడు. ఆ గుద్దినదానికి థీయా అని పేరు పెట్టారు. అపోలో రాళ్ళలో ఆక్సిజన్ రకాల నిష్పత్తి భూమి రాళ్ళతో అచ్చం సరిపోవడం దీనికి బలం, తలనొప్పి కూడా, వేరే గ్రహం కలిసుంటే కాస్తయినా తేడా ఉండాలి కదా అని.

సముద్రాన్నే లాగేవాడు, మనలో 60-70 శాతం నీళ్ళే కదా, మనల్ని లాగడా?

వినడానికి భలే ఉంటుంది ఈ వాదన. కానీ ఆటుపోట్లకి కారణం ఒట్టి లాగుడు కాదు, భూమికి ఇటువైపు లాగుడికీ అటువైపు లాగుడికీ మధ్య ఉన్న తేడా. ఆ తేడా 12,742 కిలోమీటర్ల మీద వస్తుంది కాబట్టి సముద్రం కదులుతుంది, అందుకే చంద్రుడి వైపు ఒక ఉబ్బు, దానికి సరిగ్గా అవతల ఇంకో ఉబ్బు, చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు. మనం ఐదున్నర అడుగులు. తలకీ కాళ్ళకీ మధ్య వచ్చే తేడా లేనట్టే లెక్క. చెరువులోనే పోటు కనిపించదు, ఇక మన ఒంట్లో ఏం వస్తుంది!

సూపర్‌మూన్, బ్లూమూన్?

దగ్గరగా వచ్చినప్పుడు పడిన పౌర్ణమి సూపర్‌మూన్. బాగా దూరంగా ఉన్న పౌర్ణమితో పోలిస్తే 14 శాతం పెద్దగా ఉంటాడు, మామూలు కంటికి చెప్పకపోతే తెలీదు. బ్లూమూన్ అంటే ఒకే ఇంగ్లీషు నెలలో వచ్చే రెండో పౌర్ణమి, నీలంగా ఏం ఉండడు, వాట్సాప్‌లో తిరిగే ఆ నీలం ఫొటో ఎడిట్ చేసింది.

అక్కడ్నుంచి భూమి ఎలా కనిపిస్తుంది?

మనకి చంద్రుడు కనిపించేదానికి దాదాపు నాలుగు రెట్లు వెడల్పుగా. అసలు వింత ఏంటంటే మనవైపు దాదాపు ఎక్కడ నిలబడినా భూమి ఉదయించదు, అస్తమించదు, ఆకాశంలో దాదాపు ఒకేచోట వేలాడుతూ అక్కడే తిరుగుతుంటుంది. కళలు కూడా ఉంటాయి, మనకి అమావాస్య అయితే వాళ్ళకి నిండు భూమి. అవతలి వైపు వాళ్ళకి అసలు భూమే కనిపించదు.

అక్కడ స్థలం అమ్ముతున్నారంట, కొనొచ్చా?

1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రుడు ఏ దేశానికీ సొంతం కాదు. అమ్మేవాడిదే కానిది మీకెలా రాసిస్తాడు? ఆ కాగితం ఫ్రేమ్ కట్టుకోడానికి బానే ఉంటుంది.

టెలిస్కోప్ కొనాలా? ఫోన్‌లో ఫొటో ఎందుకు రాదు?

ముందు మామూలు బైనాక్యులర్ చాలు. పౌర్ణమికి మాత్రం చూడకండి, నీడల్లేక అంతా చదునుగా, కళ్ళు చెదిరేలా ఉంటుంది. సగం చంద్రుడి రోజుల్లో వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర చూడండి, అక్కడ నీడలు పొడుగ్గా పడి గోతుల అంచులు చెక్కినట్టు కనిపిస్తాయి, గంట తర్వాత చూస్తే ఇందాక చీకట్లో ఉన్న కొండ కొసకి అప్పుడే ఎండ తగిలి చుక్కలా వెలుగుతుంటుంది.

ఫోన్ అయితే చుట్టూ ఉన్న చీకటిని చూసి వెలుతురు పెంచేస్తుంది, అందుకే చంద్రుడు తెల్ల ముద్దలా పడతాడు. స్క్రీన్ మీద చంద్రుడి దగ్గర నొక్కి పట్టుకుని బ్రైట్‌నెస్ బాగా కిందకి లాగండి, మచ్చలు కనిపించేదాకా. అక్కడ ఉన్నది పట్టపగలు ఎండలో ఉన్న నేల కదా, పగటి ఫొటోకి పెట్టే సెట్టింగులే దీనికీ పెట్టాలి.